స్ట్రామ్‌గ్రెన్ వ్యాసార్థం దగ్గర ఆగదండి, ప్రెషర్ కూడా కలపాలి

ఓరియన్ నెబ్యులాకి స్ట్రామ్‌గ్రెన్ వ్యాసార్థం (వేడి నక్షత్రం కాంతి చుట్టూ ఉన్న గ్యాస్‌ని ఎంత దూరం వరకు అయాన్లుగా మార్చగలదో ఆ గోళం సైజు) కట్టి, నక్షత్రం నుంచి వచ్చే ఫోటాన్లూ రీకాంబినేషన్లూ (విడిపోయిన ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు మళ్లీ కలవడం) సమానం అయ్యాక గోళం ఆగిపోవాలి కదా, మరి పక్కనున్న మాలిక్యులర్ మేఘాన్ని (చల్లటి హైడ్రోజన్ అణువుల మేఘం) ఎలా నెడుతోంది అని అడిగారు. మీ లెక్క తప్పేం కాదండి, కానీ అది ఫోటాన్ల లెక్క మాత్రమే, అందులో ప్రెషర్ లేదు.

ఇలా చూడండి, మేఘం 10-20 కెల్విన్, అయాన్లుగా మారిన గ్యాస్ దాదాపు 10,000 కెల్విన్, పైగా ఒక్క హైడ్రోజన్ అణువు (H₂) విడిపోతే రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు, అంటే 4 కణాలు, సాంద్రత ఇంకా మారకముందే ప్రెషర్ వేల రెట్లు పెరిగిపోయింది, ఇక ఉబ్బక ఏం చేస్తుంది? చల్లటి మేఘంలో ధ్వని వేగం సెకనుకి 0.2 కిలోమీటర్లే, ఈ తోపు దానికంటే చాలా వేగం, అందుకే ముందు షాక్ (ధ్వనిని మించిన వేగంతో వెళ్లే ఒత్తిడి అల) పుట్టి గ్యాస్ అంతా షెల్‌లా పోగుపడుతుంది. ఉబ్బేకొద్దీ లోపల సాంద్రత తగ్గుతుంది, రీకాంబినేషన్లు సాంద్రత వర్గాన్ని బట్టి పడిపోతాయి కాబట్టి మిగిలిన ఫోటాన్లు ఇంకాస్త కొత్త గ్యాస్‌ని అయాన్లుగా మార్చి తినేస్తాయి.

ఆ షెల్ బరువెక్కి ముక్కలై కొత్త నక్షత్రాలు పుట్టొచ్చని 1977లో ఎల్మెగ్రీన్, లాడా అనే ఖగోళ శాస్త్రవేత్తలు చెప్పారు, నాకు ఇందులో అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే.

ఒక్క జాగ్రత్త, ఓరియన్‌లో గ్యాస్‌ని అయాన్లుగా మార్చే పెద్ద నక్షత్రం తీటా 1 ఓరియోనిస్ సి మేఘానికి మన వైపు అంచున ఉంది, గ్యాస్ మన వైపే బయటికి పారుతోంది, దానికి తోడు నక్షత్ర గాలి (నక్షత్రం నుంచి వేగంగా వెలువడే కణాల ప్రవాహం) కూడా నెడుతోంది. గోళం ఫార్ములా సరిచూడాలంటే దాదాపు గుండ్రంగా కనిపించే ఆర్‌సీడబ్ల్యూ 120 అనే నెబ్యులా తీసుకోండి.