ఒకే ఆట, ఒకే దుకాణం: గేమ్ కంపెనీల ఆదాయంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశాను. మా అల్లుడి సలహాపై ఒక వీడియో గేమ్ పబ్లిషింగ్ కంపెనీ షేర్లు కొన్నాను. ఆ కంపెనీ ఆదాయంలో నాలుగింట మూడు వంతులు ఒకే ఆట నుంచి వస్తున్నాయని వార్షిక నివేదికలో చదివిన తరువాత మనసు కుదుటపడటం లేదు. ఒకే కొనుగోలుదారుపై నడిచే వ్యాపారానికి అప్పు ఇవ్వడానికి బ్యాంకులో మేము వెనకాడేవాళ్లం. ఆ కొలమానం ఇక్కడా వర్తిస్తుందా? వచ్చే రెండేళ్లలో మరో ఆరు ఆటలు విడుదల చేస్తామని యాజమాన్యం చెబుతోంది. అది సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మీరు బ్యాంకులో పాటించిన కొలమానం ఇక్కడా పనికొస్తుంది. అయితే ఆటల వ్యాపారంలో ఆదాయం ఒకేచోట పోగుపడటమనేది ఒక్క రూపంలో కనిపించదు. ఒకే ఆటపై ఆధారపడటం అందులో ఒకటి మాత్రమే. ఆటలు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే యాప్ స్టోరు ద్వారా అమ్ముడుపోవచ్చు. ఆదాయంలో పెద్ద భాగం ఒకే దేశం నుంచో, విదేశంలో పంపిణీ చేసే ఒకే భాగస్వామి నుంచో రావచ్చు. ఆడేవాళ్లు లక్షల్లో ఉన్నా డబ్బు చెల్లించేవాళ్లు వారిలో చాలా కొద్దిమందే కావచ్చు. మీరు చదివిన శాతం వీటిలో మొదటిదాన్నే చెబుతుంది. నా అంచనా ప్రకారం అన్నిటికంటే ప్రమాదకరమైనది అది కాదు.

ఇందుకు రెండు పాత ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడండి. 'కింగ్' అనే కంపెనీ 2014 మార్చిలో న్యూయార్క్ మార్కెట్లో లిస్టయ్యే నాటికి దాని వసూళ్లలో 78 శాతం 'క్యాండీ క్రష్ సాగా' ఒక్కదాని నుంచే వస్తున్నాయి. మదుపరులకు సరిగ్గా మీకు వచ్చిన భయమే వచ్చింది. 22.50 డాలర్లకు ఇచ్చిన షేరు మొదటి రోజే 19 డాలర్ల వద్ద ముగిసింది. ఆ తరువాత రెండేళ్లు తిరగకముందే యాక్టివిజన్ బ్లిజార్డ్ ఆ కంపెనీని సుమారు 590 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2012లో వచ్చిన ఆ ఆట నేటికీ సంపాదిస్తూనే ఉంది. రెండో కంపెనీ జింగా. 2011 డిసెంబరులో షేరు 10 డాలర్ల చొప్పున మార్కెట్టుకు వచ్చినప్పుడు దాని చేతిలో పేరున్న ఆటలు అనేకం ఉన్నాయి. కానీ ఆదాయంలో 90 శాతానికి పైగా ఫేస్‌బుక్ ద్వారానే వచ్చేది. ఫేస్‌బుక్ తన పద్ధతులను మార్చుకోవడం, జనం కంప్యూటరు వదిలి ఫోన్లకు మళ్లడం ఒకే కాలంలో జరగడంతో ఏడాది తిరిగేలోపే ఆ షేరు 3 డాలర్ల కిందికి దిగింది. ఒకే ఆట ఉన్న కంపెనీ నిలబడగా, ఎన్నో ఆటలున్న కంపెనీ కుంగిపోయింది. ఆట తనదైతే దాన్ని మెరుగుపరచుకోవచ్చు, కొత్త స్థాయిలు చేర్చవచ్చు, ఆటగాళ్లను నిలబెట్టుకునే ప్రయత్నమైనా చేయవచ్చు. ఇతరుల వేదిక మీద తీసుకునే నిర్ణయంలో కంపెనీకి పాత్రే ఉండదు.

ప్రభుత్వ నిర్ణయాలు ఈ రెండో కోవకు చెందినవే. మన దేశంలో 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. ఆ ఆట సొంతదారైన దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్ని బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ) పేరుతో 2021లో భారత మార్కెట్టు కోసం ప్రత్యేకంగా తీసుకువచ్చింది. 2022 జులైలో ప్రభుత్వ ఆదేశంతో అదీ స్టోర్ల నుంచి మాయమై, సుమారు పది నెలల తరువాత 2023 మేలో షరతులతో కూడిన అనుమతిపై తిరిగి వచ్చింది. ఆటలో లోపమేమీ లేకుండానే పది నెలలు ఒక పెద్ద మార్కెట్టు మూతపడిందన్న మాట. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే మొబైల్ ఆటను ఇక్కడ నిషేధించినప్పుడు దాని మాతృసంస్థ అయిన సింగపూరు కంపెనీ 'సీ' షేరు ఒక్క రోజులోనే సుమారు 18 శాతం పడిపోయింది. భారతదేశం నుంచి వచ్చే ఆదాయం ఒక్కటే అందుకు కారణం కాదు. నష్టాల్లో నడుస్తున్న షాపీ అనే ఆన్‌లైన్ అమ్మకాల విభాగాన్ని ఆ కంపెనీ ఆటల లాభంతోనే పోషించేది. ఒక విభాగం లాభం మరో విభాగాన్ని నిలబెడుతున్నప్పుడు ఆధారం ఒకచోట తెగితే దెబ్బ రెండుచోట్లా తగులుతుంది. కాబట్టి ఏ ఆట ఎంత శాతం సంపాదిస్తోందన్న దానితో పాటు, ఆ సంపాదనతో కంపెనీ ఇంకా ఏమేమి నడుపుతోందో కూడా మీరు చూడాలి.

కంపెనీ ఆదాయ పట్టికలో కనిపించని ఆధారాలూ కొన్ని ఉంటాయి. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే చట్ట సవరణ ద్వారా నిషేధించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ నిషేధం దేశమంతటికీ విస్తరించింది. పెద్ద సంస్థలు కొద్ది రోజుల్లోనే నగదు ఆటలను ఆపేశాయి. అప్పుడు మన దేశపు ఆటల కంపెనీ నజారా టెక్నాలజీస్ షేరు కూడా పడింది. డబ్బు పెట్టి పేకాట ఆడే పోకర్‌బాజీ యాప్‌ను నడిపే సంస్థలో తనకు 46 శాతం వాటా ఉన్నప్పటికీ, ఆ సంస్థ ఆదాయాన్ని తన ఖాతాల్లో కలుపుకోవడం లేదని నజారా వివరణ ఇచ్చింది. వివరణ నిజమే అయినా, ఆ వాటా కోసం వెచ్చించిన పెట్టుబడి విలువ మాట మిగిలే ఉంటుంది. అందుచేత ఆదాయ పట్టికతో సరిపెట్టుకోకుండా, మీ కంపెనీ ఏయే సంస్థల్లో పెట్టుబడి పెట్టిందో, ఆ సంస్థలు ఏ చట్టం దయపై నడుస్తున్నాయో కూడా చదవండి.

ఇప్పుడు ఆరు కొత్త ఆటల సంగతి. మన గుంటూరు ప్రాంతంలో తేజ మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు అని తెలిసిందే. మూడు ఊళ్లలో మూడు చేలు ఉన్న రైతు మూడింటా తేజ రకమే వేస్తే, చైనా కొనుగోళ్లు మందగించిన ఏడు అతనికి మూడు చేలున్న ధీమా అక్కరకు రాదు. ఆరు ఆటలూ ఒకే తరహావై, ఒకే స్టోరులో, ఒకే వయసు పిల్లలకు, ఒకే రకమైన ప్రకటనల ద్వారా అమ్మేవైతే వాటిని ఆరు ఆధారాలుగా లెక్కించకూడదు. పైగా ఈ రంగంలో విడుదలయ్యే ఆటల్లో అధిక భాగం పెట్టిన ఖర్చు కూడా రాబట్టలేవు. కాబట్టి ఎన్ని విడుదల చేస్తారని కాకుండా, గత మూడేళ్లలో విడుదల చేసినవాటిలో ఎన్ని ఇప్పటికీ సొంత ఖర్చుకు సరిపడా సంపాదిస్తున్నాయని యాజమాన్యాన్ని అడగాలి. వార్షిక సర్వసభ్య సమావేశాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. విజయవాడలో కూర్చుని ఆ ప్రశ్న అడిగే హక్కు వాటాదారుగా మీకు ఉంది.

ఒకే ఆటపై ఆధారపడటంలో మరో ఇబ్బంది కాలానికి సంబంధించినది. అమెరికాకు చెందిన టేక్-టూ కంపెనీకి గ్రాండ్ తెఫ్ట్ ఆటో అనే ఆటల వరుస ఎంతటి ఆధారమో ఆ కంపెనీ తన నివేదికల్లో తానే రాస్తుంది. ఆ వరుసలో అయిదో భాగం 2013లో వచ్చింది. 2025లో రావలసిన ఆరో భాగాన్ని మొదట 2026 మే 26కు, తరువాత 2026 నవంబరు 19కి వాయిదా వేశారు. ఆ కంపెనీ ఆర్థిక సంవత్సరం మనలాగే మార్చి 31తో ముగుస్తుంది. మొదటి వాయిదా ఆటను ఒక ఆర్థిక సంవత్సరం నుంచి మరోదానికి నెట్టగా, రెండోది అదే సంవత్సరంలో ఉండిపోయింది. ఒక్క ఆట తేదీ మారితే కంపెనీ ఒక సంవత్సరపు లెక్కంతా మారిపోవడాన్ని ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు. చేతిలో నగదు పుష్కలంగా ఉన్న కంపెనీ దీన్ని తట్టుకుంటుంది. అప్పుతో నడిచే చిన్న కంపెనీ తట్టుకోవడం కష్టం.

నివేదికలో ఎక్కడ చూడాలో చెబుతాను. భారతీయ అకౌంటింగ్ ప్రమాణం 'ఇండ్ ఏఎస్ 108' ప్రకారం బయటి కొనుగోలుదారు ఒక్కరి నుంచే ఆదాయంలో 10 శాతం లేదా అంతకు మించి వస్తుంటే కంపెనీ ఆ విషయాన్ని వెల్లడించాలి. అయితే ఆట కొనే వ్యక్తినే కొనుగోలుదారుగా భావించి, స్టోరును మధ్యవర్తిగా లెక్కించే కంపెనీల్లో గూగుల్, యాపిల్ పేర్లు ఆ గమనికలో కనిపించకపోవచ్చు. అప్పుడు రావలసిన బాకీల గమనికకు వెళ్లండి. ఆటగాళ్లు చెల్లించిన డబ్బు స్టోరు చేతి మీదుగానే కంపెనీకి చేరుతుంది కనుక, బాకీల్లో అధిక భాగం ఒకటి రెండు సంస్థల నుంచే రావలసి ఉందన్న వాక్యం పరపతి నష్టభయం (క్రెడిట్ రిస్క్) శీర్షిక కింద తరచు దొరుకుతుంది. అప్పు ఫైళ్లు చదివిన అనుభవం ఉన్న మీకు ఇది కష్టమైన పనేమీ కాదు.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. కంపెనీ ఆదాయం 100 కోట్లు, అందులో ప్రధానమైన ఆట వాటా 80 కోట్లు అనుకుందాం. స్టోరు కమీషను, ప్రకటనల ఖర్చు కలిపి ఆదాయంలో సగం. ఆదాయం తగ్గితే అవీ తగ్గుతాయి. జీతాలు, అద్దె, సర్వర్ల ఖర్చు 35 కోట్లు. అవి వెంటనే తగ్గవు. లాభం 15 కోట్లు. ప్రధానమైన ఆట ఆదాయం 40 శాతం పడితే మొత్తం 68 కోట్లకు దిగుతుంది. అందులో సగం పోగా మిగిలిన 34 కోట్లు స్థిర ఖర్చులకే చాలవు కనుక కోటి రూపాయల నష్టం వస్తుంది. మీ కంపెనీ అంకెలతో ఇదే లెక్క వేసి, బ్యాంకు నిల్వలతో ఆ పరిస్థితిని ఎన్నాళ్లు ఈదగలదో చూడండి. రెండేళ్లకు సరిపడా నగదు, సొంత హక్కులున్న ఆట, అనేక దేశాల నుంచి ఆదాయం ఉంటే నాలుగింట మూడు వంతులన్న అంకెకు నేనైతే బెదరను. అవి లేకపోతే పదవీ విరమణ సొమ్ములో ఎక్కువ భాగాన్ని ఏ ఒక్క కంపెనీలోనూ ఉంచకూడదన్న పాత నియమాన్ని ఇక్కడ మరింత గట్టిగా పాటించాలి. లేకుంటే కంపెనీ ఆదాయం ఒకేచోట, మీ పొదుపు కూడా అదేచోట పోగుపడుతుంది.

ప్రశ్న: గుంటూరులో నలుగురు స్నేహితులం కలిసి చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్నాము. ఒక విదేశీ పబ్లిషరు ఇచ్చే మైల్‌స్టోన్ చెల్లింపులే, అంటే పనిలో ఒక్కో దశ పూర్తయ్యాక వచ్చే డబ్బే మా ఆదాయమంతా. మూడేళ్ల ఒప్పందం చేసుకుందామని వారు అంటున్నారు. సంతకం చేయమంటారా?
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మూడేళ్లు అన్న మాట కంటే ఒప్పందాన్ని రద్దు చేసే నిబంధన ముఖ్యమైనదమ్మా. కారణం చూపకుండా ముప్పై రోజుల నోటీసుతో పబ్లిషరు తప్పుకోవచ్చని అందులో ఉంటే, అది మూడేళ్ల ఒప్పందం కాదు, నెల రోజుల ఒప్పందమే. కాబట్టి నోటీసు గడువు పెంచమని, మధ్యలో వారే ఆపేస్తే అప్పటిదాకా చేసిన పనితో పాటు మరికొన్ని నెలల ఖర్చు చెల్లించమని, విడుదల చేయకుండా వదిలేసిన ఆట హక్కులు మీకు తిరిగి రావాలని అడగండి. మూడింటిలో ఒక్కటే దక్కే పరిస్థితి వస్తే హక్కుల నిబంధనను పట్టుకోండి. డబ్బు ఆరు నెలల్లో ఖర్చవుతుంది, హక్కు ఉన్న ఆటను మరో పబ్లిషరుకు చూపించవచ్చు. పబ్లిషరు ఇచ్చిన అడ్వాన్సును అమ్మకాల నుంచి ముందుగా రాబట్టుకున్న తరువాతే మీ వాటా మొదలవుతుందన్న నిబంధన మామూలుగా ఉంటుంది. ప్రచారం ఖర్చును కూడా అందులో కలుపుతున్నారేమో చూసుకోండి, కలిపితే దానికి ఒక పరిమితి రాయించుకోండి.

అయిదో వంతు సమయాన్నైనా సొంత ఆటకు కేటాయించండి. చిన్న సంస్థలకు యాపిల్, గూగుల్ 2021 నుంచి తగ్గించిన కమీషను వర్తిస్తుంది. గూగుల్ ఏటా మొదటి పది లక్షల డాలర్ల వసూళ్లపై 15 శాతమే తీసుకునేలా ఆ మార్పు చేసింది. అయితే స్టోరులో ఆటలు పెట్టడానికి వాడే మీ డెవలపర్ అకౌంటును స్నేహితులకో, పాత ఉద్యోగులకో వాడుకోవడానికి ఎన్నడూ ఇవ్వకండి. నిబంధనలు ఉల్లంఘించి మూతపడిన అకౌంటుతో సంబంధం ఉందని తేలితే గూగుల్ మీ అకౌంటును కూడా మూసివేయవచ్చు. అప్పుడు మీ ఆటలన్నీ ఒకేసారి స్టోరు నుంచి పోతాయి. జీతాల కోసం కనీసం ఆరు నెలల నగదు చేతిలో లేకుండా కొత్త ఉద్యోగులను తీసుకోవద్దని నా గట్టి సలహా. ఒకే చెల్లింపుదారు ఉన్న స్టూడియోలో చెల్లింపు ఆలస్యమైతే మొదట ఇబ్బంది పడేవి మీ దగ్గర పనిచేసేవారి ఇళ్లే.

ప్రశ్న: మా అబ్బాయికి ఒకే ఆట ఉన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జీతం బాగుంది. చేరమంటారా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చేరవచ్చు. చేరే ముందు అతడు అడగవలసినవి రెండు: ఆ ఆట హక్కులు ఎవరివి, జీతంలో ఎంత భాగం బోనసు రూపంలో ఉంది. బోనసు ఆట వసూళ్లతో ముడిపడి ఉంటే ఇంటి ఖర్చులనూ బ్యాంకు వాయిదాలనూ మూల జీతంతోనే లెక్క వేసుకోమనండి. అక్కడ నేర్చుకునే పని ఆ ఒక్క ఆటకే పరిమితమైన సాధనాలపై కాకుండా, ఇతర కంపెనీలూ వాడే యూనిటీ, అన్‌రియల్ వంటి ఇంజిన్లపై (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లపై) అయితే మరింత మంచిది. ఆట ఆదరణ తగ్గినా వేరేచోట పని వెతుక్కోవడం అతనికి తేలికవుతుంది.