గుండ్రటి మొహానికి కూలింగ్ గ్లాసులు ఎట్టాంటివి తీసుకోవాలి?

గుండ్రటి మొహం, ఏది పెట్టినా బుగ్గలే కనపడతా ఉన్నాయి, ఏ మోడల్ తీసుకోవాలి అని కదా తమ్ముడూ అడిగింది. గుండ్రటి మొహానికి పలకల ఫ్రేమ్, పలక మొహానికి గుండ్రటి ఫ్రేమ్ అని అందరూ చెప్తారు, అది తప్పేం కాదు, కానీ అసలు తేడా కొట్టేది ముక్కు దగ్గర, మొహం వెడల్పు దగ్గర.

మాది కావలి పక్కన, రొయ్యల గుంటల మీద పని. నీళ్ల మీద పడ్డ ఎండ మొహానికి కొడతానే ఉంటది కాబట్టి స్టైల్ సంగతి తర్వాత, గ్లాసులు లేందే మాకు గట్టు మీద నిలబడే పని లేదు.

ముందు నీకు బాగా కూర్చునే కళ్లజోడు ఏదన్నా ఉంటే, చూపుదైనా పర్లేదు, దాని కాడ లోపలి వైపు చూడు. 52, 18, 140 అట్టా ఉంటాయి. ఒక అద్దం వెడల్పు, ముక్కు మీద గ్యాప్, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లే. ఆన్‌లైన్‌లో కొంటే ఆ నంబర్లకి దగ్గరగా ఉండేది వెతుక్కో, ఫోటోలో మోడల్‌కి ఎట్టా ఉందనేది వదిలెయ్.

తర్వాత పెట్టుకుని గట్టిగా నవ్వు. బుగ్గలు ఫ్రేమ్‌ని పైకి లేపితే అది నీది కాదు. ఏవియేటర్ మీద అందరికీ మోజే గానీ అది 1930ల్లో అమెరికా పైలట్ల కోసం చేసిన మోడల్, కిందకి చూసినా కన్ను కప్పేట్టు అద్దం వేలాడతా ఉంటది, నిండు బుగ్గలుంటే సరిగ్గా వాటి మీదే కూర్చుంటది. నీకైతే ఎత్తు తక్కువ, కొంచెం మూలలున్న ఫ్రేమ్, కనుబొమ్మల గీతకి దగ్గరగా నిలబడేది బాగుంటది. ముక్కు చప్పిడిదైతే ప్లాస్టిక్ ఒంటి ముక్క కాకుండా సర్దుకునే నోస్ ప్యాడ్లున్నది తీసుకో, మన సముద్రం గాలికి చెమట పట్టి ఒంటి ముక్కది ఊరికే జారతా ఉంటది.

అద్దం నల్లగా ఉంటే కంటికి మంచిదనుకోబాక. యూవీ, అంటే ఎండలో కంటికి కనపడకుండా హాని చేసే కిరణాలు, అవి ఆపకుండా ఉత్త రంగు పూసిందైతే నీడకి కనుపాప ఇంకా తెరుచుకుంటది, లోపలికి యూవీ ఎక్కువ పోతది. యూవీ400 అని, అంటే ఆ కిరణాల్ని దాదాపు అన్నీ ఆపేదని, ఉందా అడుగు, కావలి ట్రంక్ రోడ్డు వైపు ఏదన్నా ఆప్టికల్ షాపుకి పోతే మిషన్ మీద పెట్టి చూపిస్తారేమో అడుగు. అద్దం ఎంత నలుపో చెప్పే నంబరే కేటగిరీ, మామూలు ఎండకి కేటగిరీ 3 చాలు, 4 పెట్టుకుని బండి నడపకూడదు, అంత చీకటి.

పోలరైజ్డ్ అంటే నీళ్ల మీద, తారు రోడ్డు మీద తళతళ తగ్గిస్తది. నాకు చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసేందుకు గుంటలో దించే పళ్లెం) పైకి లాగకముందే నీళ్లలో కాస్త లోపలిదాకా కనపడతది, అందుకే ఎక్కువైనా అదే కొంటా. అసలుదో కాదో చూడాలంటే పెట్టుకుని ఫోన్ అడ్డంగా నిలువుగా తిప్పు, చాలా ఫోన్లలో ఒక వైపుకి స్క్రీన్ నల్లబడతది. కానీ నువ్వు బజార్లో తిరగడానికే అయితే ఆ డబ్బులు దండగ.

బండి మీద తిరిగే పనైతే షాపుకి హెల్మెట్ కూడా తీసుకుపో, లావు కాడలు లోపల కణతల మీద నొక్కుతాయి.