సమాధానం: వాగ్దాన కార్డు వచ్చింది, ఉద్యోగం రాలేదు

వందనాలు సిస్టర్. కొత్త సంవత్సరం ఆరాధనలో ఏడాదికి వాగ్దానంగా పంచే బైబిలు వచనాల కార్డుల్లో మీకు యిర్మీయా 29:11 (మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే వచనం) వచ్చిందనీ, ఆరు నెలలుగా ఉపవాసాలున్నా బెంగళూరులో ఉద్యోగం దొరకలేదనీ, దేవుడు వినలేదేమోననీ రాశారు.

ముందు ఆ కార్డు పక్కనపెట్టి అధ్యాయం మొదటినుంచి చదవండి. అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. 10వ వచనంలో 70 ఏళ్లని ఉంది! అంతవరకూ ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని 5-7 వచనాలు. ఈ ఏడాదిలోనే అన్న గడువు అందులో లేదు. కార్డులు అచ్చేసేవాళ్లు పై వచనం వేయరు, అదే చిక్కు.

మీ విశ్వాసం చాల్లేదని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, పోవాలని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు (2 కొరింథీ 12:8-9). జవాబు మాత్రం వచ్చింది, కృప చాలునని.

"ఉద్యోగం ఇవ్వు ప్రభువా" అని ఊరుకోకుండా నోటుబుక్కులో తేదీ వేసి, ఎడమ పేజీలో ఏ పని, ఎంత జీతం, ఆదివారం డ్యూటీ ఉన్నా ఫర్వాలేదా అన్నది రాయండి. కుడి పేజీ జరిగినదానికి. నెలకోసారి రెండూ కలిపి చదివితే అడగాల్సింది ఎక్కడ మార్చుకోవాలో తెలుస్తుంది.

ఇంటర్వ్యూ రోజు ఉపవాసం వద్దు, బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లోనే నీరసపడిపోతారు. షుగరు మాత్రలు వాడుతుంటే డాక్టరును అడక్కుండా ఏ రోజూ వద్దు.