అమెరికాలో మాజీ సైనికులు విపత్తులకు మామూలు జనం కంటే ఎక్కువ సిద్ధంగా ఉంటారా?

అలవాట్ల వరకైతే, చాలామంది విషయంలో అవుననే చెప్పొచ్చు. సామాన్లు సర్ది ఉంచుకోవడం, ఎవరు ఏం చేయాలో ముందే అనుకోవడం సైన్యంలో రోజూ చేసే పనే. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు టీమ్ రూబికాన్ అనే సహాయక సంస్థను మొదలుపెట్టింది కూడా ఇద్దరు మాజీ మెరైన్లే.

కానీ సంచీ సర్దుకోవడం ఒకటి, ఒళ్లు సహకరించడం ఇంకొకటి. వీళ్లలో పెద్ద వయసువాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలున్నవాళ్లకు సైరన్ మోతే పెద్ద టెన్షన్.

2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు అక్కడి వెటరన్స్ (అంటే మాజీ సైనికుల) ఆసుపత్రిని ఖాళీ చేయాల్సి వచ్చింది. అయితే రోగుల రికార్డులు కంప్యూటర్లలో ఉండటంతో, వేరే ఊళ్లకు చేరినవాళ్లు ఏ మందులు వాడుతున్నారో అక్కడి వెటరన్స్ ఆసుపత్రుల డాక్టర్లు చూడగలిగారు. కాగితం ఫైళ్లు నీళ్లపాలైన మామూలు రోగులకు ఆ వీలు లేకపోయింది. నిజానికి ఇక్కడ పనికొచ్చింది సైనిక శిక్షణ కాదు, రికార్డుల వ్యవస్థ.

మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల నీళ్లు నిల్వ ఉంచుకోమని అమెరికా విపత్తు సంస్థ ఫెమా చెప్పేది మాత్రం మాజీ సైనికులకైనా, మామూలు జనానికైనా ఒకటే.