ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళింది?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు చదవమని పంపిన కథలో ఒకచోట జనరేటర్ ఆగిపోతుంది. సంక్రాంతి సెలవులు, దిండి రేవులో పాత టూరిస్టు బోటు, ఏసీ పోయిందని పైన గదుల్లో హైదరాబాదు వాళ్ళ కేకలు. డ్రైవరు, అంటే నీ కథలో నాన్న, వెనక పలక తీసి కిందికి దిగుతాడు. అప్పుడు ఇలా రాశావు: ‘నాన్న చెయ్యి భుజం దాకా ఆ సందులోకి వెళ్ళిపోయింది. మొహం మాత్రం నావైపు తిరిగి ఉంది. కానీ నన్ను చూడటం లేదు.’

బాగుంది. కంటికి ఆనని పని చేసే మనిషి మొహం అలాగే ఉంటుంది. చూసినవాళ్ళు తప్ప ఆ ముక్క రాయలేరు.

దాని కింది వాక్యం: ‘అరగంటలో బాగుచేసి బయటికొచ్చాడు.’

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఆ అరగంట ఏమైంది? ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళింది, దేన్ని తడిమింది, ఏది అందక వెనక్కి వచ్చింది? మిగతా పేజీలన్నీ సూర్యాస్తమయం, కొబ్బరాకుల గలగల, గోదారి తల్లి ఒడి. పండగ భోజనంలో పులస పులుసు కూడా వడ్డించావు. పులస వరదనీటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప. శ్రావణ భాద్రపదాల్లో దొరికేది పుష్యమాసంలో కంచంలోకి ఎలా వచ్చింది? కోనసీమ కథలో పులస ఉండాలని ఎవరో చెప్పి ఉంటారు, నువ్వు పెట్టేశావు. మీ నాన్నగారు నిజంగానే బోటు డ్రైవరని ఉత్తరంలో రాశావు కదా. మీ ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునే సంగతులు వదిలేసి, బయటివాళ్ళు అడిగేవి ఏరుకొచ్చి రాయడం నాకు మింగుడుపడటం లేదు.

నేను నమ్మేది ఒకటే, ఇన్నేళ్ళుగా దాన్నే పట్టుకుని ఉన్నాను. మనిషి చెయ్యి ఒక వస్తువు దాకా చేరాలి. మధ్యలో ఏం అడ్డముందో రాస్తే కథ దానంతట అదే నడుస్తుంది. అడ్డం తీసేసి చేరాడు అని రాస్తే అది సమాచారం.

ఆ జనరేటర్ అంత ఇరుకులో ఎందుకుందో నీ కథలో ఒక్క ముక్క లేదు. నువ్వు చెప్పిన వయసు బోటు కట్టినప్పుడు నాలుగు బల్బులకు బ్యాటరీ చాలి ఉంటుంది. తర్వాత ఒక యజమాని ఫ్రిజ్ పెట్టాలని జనరేటర్ కొని, పెద్ద ఇంజను వెనక మిగిలిన మూలలో దింపాడనుకో. ఆయన దగ్గర కొన్నాయన గదులు కట్టి, ఏసీలు బిగించి, నీళ్ళ ట్యాంకు తెచ్చి సరిగ్గా ఆ మూలకు అడ్డంగా కూర్చోబెట్టాడు. ఎవరి అవసరానికి వాళ్ళు చేసిన పనులే. చివరికి ఆయిల్ మట్టం చూసే పుల్ల, ఫిల్టరు, నీళ్ళ పంపు ఉన్న వైపు కాస్తా బోటు గోడకేసి తిరిగిపోయింది. దాని అవస్థ పడేది మాత్రం ఆ యజమానులిద్దరూ కాదు. వాళ్ళ చరిత్రంతా మీ నాన్న భుజం మీద గీరుకుపోయిన చర్మంలో ఉంది. అది రాయాలి.

పని ఎలా జరుగుతుందో రాయి. అలాంటి చోట కింది బోల్టు విప్పి ఆయిల్ దించడం కుదరదు. జనరేటర్‌ను కాసేపు నడిపి, ఆయిల్ వేడెక్కి పల్చబడ్డాక ఆపేసి, పుల్ల గొట్టంలోంచి సన్నని పైపు దింపి చేతిపంపుతో లాగాలి. డీజిల్ ఫిల్టరు మారిస్తే లైన్లో ఎయిర్ పడుతుంది. స్క్రూ వదులు చేసి, చిన్న మీట కొడుతూ, బుడగలు పోయి డీజిల్ ఒకే ధారగా వచ్చాక బిగించాలి. వెలుతురున్న చోట ఇది చిన్న పని. కన్ను చేరని చోట అదంతా వేలికొస చూసుకోవాలి. బుడగ వేలికి ఎలా తగులుతుంది, డీజిల్ ఎలా తగులుతుంది? నాకు తెలియదు. మీ నాన్నగారికి తెలుసు. ఆ ఒక్క వాక్యం నువ్వు తేగలిగితే, కొబ్బరాకుల మీద నువ్వు పెట్టిన పేజీలన్నీ తీసేసినా నీకు నష్టం ఉండదు.

ఇక అసలు తగువుకు వస్తాను. అర్ధరాత్రి జనరేటర్ మళ్ళీ ఆగిపోతుంది. ‘విధి నాన్నను వెక్కిరించింది’ అని రాశావు. విధికి ఇందులో ఏ పనీ లేదమ్మాయ్.

ఆ జనరేటర్‌ను చల్లబరిచేది గోదారి నీళ్ళే. బోటు అడుగున పైపు, దాని మీద వాల్వు, ఒక జల్లెడ, ఆ తర్వాత పంపు. పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. దాని రెక్కలు వంగుతూ లేస్తూ నీళ్ళను లోపలికి తోస్తాయి. రబ్బరు రాపిడికి మాడకుండా కాపాడేది కూడా ఆ నీళ్ళే. గుర్రపుడెక్క వేళ్ళో ప్లాస్టిక్ సంచో పైపు మూతికి అడ్డం పడితే కాసేపట్లోనే ఇంపెల్లర్ మాడి రెక్కలు తెగుతాయి. ఇంజను వేడెక్కుతుంది, వేడెక్కితే ఆపేసే స్విచ్చు దాన్ని ఆపేస్తుంది. నీ కథలో సాయంత్రం జరిగింది ఇదే అయ్యుంటుంది. నాన్న వాల్వు కట్టేశాడు. పంపు మూతకున్న చిన్న స్క్రూలు చూడకుండా విప్పాడు. ఒక్కటి జారినా అడుగున నిలిచిన నల్లటి నీళ్ళలో పడుతుంది, ఇక వెతుకులాటే. పాత ఇంపెల్లర్ లాగి కొత్తది వేశాడు.

ఇక్కడ ఒక పని ఉంది. పాతదాన్ని అరచేతిలో పెట్టుకుని రెక్కలు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే ఆ ముక్క నీళ్ళతో పాటు ముందుకు కొట్టుకుపోయి, ఇంజను వేడిని గోదారి నీళ్ళకు అప్పగించే హీట్ ఎక్స్‌ఛేంజర్ సన్నని గొట్టాల ముందు అడ్డం పడి ఉంటుంది. అది తీయకుండా కొత్తది వేస్తే నీళ్ళు సగమే పారతాయి. జనరేటర్ బాగానే స్టార్ట్ అవుతుంది, చక్కగా నడుస్తుంది, పైన అందరూ చప్పట్లు కొడతారు. ఏసీలన్నీ వేసుకుని నిద్రపోయాక వేడి మెల్లగా పెరిగి అర్ధరాత్రి ఆగుతుంది.

నీ కథలో నాన్న రెక్కలు లెక్కపెట్టాడా? లెక్కపెట్టలేదంటే పైనుంచి యజమాని కేకలకు తొందరపడ్డాడా? లేక ఒకటి తక్కువని తెలిసీ, ఆ పైపు విప్పాలంటే ట్యాంకు ఖాళీ చేసి జరపాలి, పండగ పూట అందరికీ నీళ్ళు ఆపాలి, తెల్లారి చూద్దాంలే అనుకున్నాడా? లేదంటే పక్కన టార్చి పట్టుకున్న కూతురికే లెక్కపెట్టమని ఇచ్చాడా? ఆ పిల్ల సరిగ్గా లెక్కపెట్టిందా? ఇవి ఒక్కొక్కటీ ఒక్కో కథ. విధి అని రాయగానే అన్నీ ఆరిపోయాయి. మనవాళ్ళ కథల్లో యంత్రం ఎప్పుడూ తలరాత వల్లే చెడిపోతుంది, తలరాత వల్లే బాగుపడుతుంది. చదివి చదివి విసిగిపోయాను.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో కాలవ లాకు మీద పనిచేసే లస్కరు గురించి ఒక కథ రాశాను. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాడు. అక్కణ్ణుంచి సాగిన కాలవలు పొలాలకే కాదు, పడవలకూ దారులు. ఎగువ నుంచి దిగువకు పడవ దిగడానికి లాకులు. లాకు తలుపును బలంతో తెరవడం ఎవరి తరమూ కాదు. తూములెత్తి నీళ్ళు వదిలి, రెండువైపులా మట్టం సమానమయ్యేదాకా కాచుకోవాలి. అప్పుడే తలుపు కదులుతుంది. లస్కరు కొడుకు ఊరు విడిచి పడవలో వెళ్ళిపోతున్నాడు. నీళ్ళు సమానమయ్యేంత సేపే తండ్రీకొడుకులకు మాట్లాడుకునే సమయం. కథంతా ఆ నీటిమట్టం మీదే పెట్టాను.

అప్పట్లో నేను బియ్యం మిల్లులో గుమస్తాని. పగలు తలెత్తడానికి తీరిక లేదు. రాత్రుళ్ళు లాకు గట్టున కూర్చుని చూసేవాణ్ణి, బస్తాల చీటీల వెనక రాసుకునేవాణ్ణి. ఒక వారపత్రిక సంపాదకుడు ‘పాఠకులకు ఈ తూముల గోల ఎందుకు, మనసు చాలు’ అని జాబు రాసి, ఆ పేరాలన్నీ కొట్టేసి అచ్చువేశాడు. అచ్చులో ఏం మిగిలింది? కొడుకు పడవెక్కాడు, తండ్రి తలుపు తీశాడు, ఇద్దరికీ కన్నీళ్ళు. ఆ పత్రిక పట్టుకెళ్ళి లస్కరుకే చదివి వినిపించాను. అంతా విని, “నీళ్ళు కలవకుండా తలుపెలా తీశాడు బాబూ?” అన్నాడు. ఆ ప్రశ్న వేసిన మనిషే నాకు దొరికిన మొదటి విమర్శకుడు. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత ఫ్యాషన్లు మారాయి. కొన్నాళ్ళు ప్రతి కథ చివరా జెండా లేవాలన్నారు. కొన్నాళ్ళు అమ్మమ్మ ఇల్లు, మండువా లోగిలి ఉండాలన్నారు. ఇప్పుడు సంకలనాలు వేసేవాళ్ళు ప్రాంతం వాసన కావాలంటున్నారు. వాళ్ళ లెక్కలో డీజిల్ కంపు వాసన కాదు. మీ నాన్నగారి చొక్కా ఉతికేటప్పుడు మీ అమ్మగారి చేతులకు అంటేది అదే.

ప్రాంతం రాయాలంటే పంపులోంచి కూడా రాయవచ్చు. వరదల్లో ఎర్రనీళ్ళు వస్తే జల్లెడ నిండా బురద, ఇసుక రేణువులకు పంపు అరుగుతుంది. ఎండాకాలం పోటుకు సముద్రం ఎగదన్ని ఉప్పునీళ్ళు పైకి వస్తే లోపలి లోహాన్ని ఉప్పు తినేస్తుంది. అందుకే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో చిన్న జింకు కడ్డీ పెడతారు. ఉప్పు ముందు దాన్ని తింటుంది, మిగతా లోహం బతుకుతుంది. ఒకే రేవు, ఒకే బోటు, కాలాన్ని బట్టి డ్రైవరు భయం మారిపోతుంది. ఇది చదువుతూనే ఆ జింకు కడ్డీని నాన్న త్యాగానికి గుర్తుగా వాడుకుందామని నీకు తోస్తుంది. వాడకు. దాన్ని ఎప్పుడు మార్చాలి, ఆ మూలలోంచి దాన్ని విప్పడానికి ఏ పానా పడుతుంది, అది రాయి.

చిన్న సంగతి ఒకటి. ‘జనరేటర్ సింహంలా గర్జించింది’ అన్నావు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళది. నాలుగు పోళ్ళ, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాల జనరేటర్ అయితే నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. ఏసీ కంప్రెసర్ అందుకోగానే ఆ చప్పుడు ఒక్క క్షణం కుంగి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. నిలదొక్కుకోవడం కాస్త ఆలస్యమైతే చాలు, డ్రైవరు తింటున్న ముద్ద ఆపి వింటాడు. నీకు సింహం అవసరం లేదు.

ఇంకొకటి, ఇది కథాకథనం విషయం కాదు. ఎనిమిదో పేజీలో పిల్లలు వెనక చెక్కల మీద, జనరేటర్ పైనే, ‘దాని జోలపాటకు’ నిద్రపోతారు. చదవగానే నాకు గుండె జారింది. పాత బోటులో పొగగొట్టం జాయింట్లు తుప్పుపట్టి కారుతుంటాయి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళకు లేచే అవకాశం కూడా ఇవ్వదు. తెలిసిన డ్రైవరు అక్కడ ఎవర్నీ పడుకోనివ్వడు. కాబట్టి ఆ దృశ్యం తీసెయ్యి, లేదా నాన్న వచ్చి నిద్రపోతున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తి ముందువైపుకు మోసుకెళ్ళి పడుకోబెట్టినట్టు రాయి. నువ్వు అందం కోసం రాసింది చదివి ఎవరైనా నిజంగా అలా పడుకుంటే? రాసేవాళ్ళకు ఆ భయం ఉండాలి.

పోటీలకు పంపాలా, యాసలో రాయాలా, ఉద్యోగం మానేయాలా అని చాలా అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయను.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారితో బోటు మీదికి వెళ్ళు. జనరేటర్ ఆగి పూర్తిగా చల్లారాక, ఎవరూ స్టార్ట్ చేయకుండా బ్యాటరీ తీగ తీసేయించి, ఆయన పడుకునే చోటే పడుకుని నీ చెయ్యి లోపలికి పెట్టు. ఏం తగిలింది, ఏ చెక్క పక్కటెముకలకు ఒత్తుకుంది, ఎంతసేపటికి చెయ్యి తిమ్మిరెక్కింది, బయటికొచ్చి వెంటనే నోట్‌బుక్కులో రాసుకో. ఆయన ఎప్పుడైనా రెక్క ముక్క కోసం వెతికిన రాత్రి ఉందేమో అడుగు. తప్పకుండా ఉంటుంది. చెప్పేటప్పుడు ఆయన ఏ మాటలు వాడితే అవే రాయి, సరిచేయకు.

తర్వాత ఆ అరగంట నుంచి కథ మళ్ళీ మొదలుపెట్టి పంపు. పులస తీసెయ్యి. కాగితానికి ఒకవైపే రాసి పక్కన ఖాళీ వదులు, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే నా కళ్ళకు సులువు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు