టోక్యో ఒలింపిక్స్‌లో పతకం రాకపోయినా 2021 మన స్విమ్మింగ్ ఫెడరేషన్‌కి మంచి ఏడాది ఎలా అయింది?

కారణం జూన్‌లో రోమ్‌లో జరిగిన సెట్టే కొల్లి ఈత పోటీ. అక్కడ కేరళకు చెందిన సాజన్ ప్రకాష్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత) 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కి నేరుగా పంపే 'ఎ' టైమింగ్ (1:56.48) అందుకున్న మొదటి భారతీయుడయ్యాడు, అదీ సెకనులో పదో వంతు తేడాతో! అక్కడే బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్ కూడా 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో (వెల్లకిలా ఈదే ఈత) ఆ టైమింగ్ సాధించాడు. టోక్యోలో ఇద్దరూ హీట్స్ (తొలి రౌండ్) దాటలేదు, నిజమే. కానీ కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడ్డ స్విమ్మింగ్ పూల్స్ పోటీల్లో ఈదేవాళ్ళకి కూడా అక్టోబర్ దాకా తెరుచుకోలేదు. మామూలు జనానికి, ఈత నేర్చుకునే పిల్లలకి ఇంకా ఆలస్యం. నా దృష్టిలో పెద్ద నష్టం అదే, రేపటి ఈతగాళ్ళు మొదలయ్యేది ఆ వేసవి క్లాసుల్లోనే కదా.