ఇరాన్‌లో గైడ్‌తో వెళ్లే సాంస్కృతిక యాత్రలో ఏ ఊళ్లు చూపిస్తారు? ఎక్కడ ఎక్కువసేపు ఉండాలి?

సాధారణంగా టెహ్రాన్‌లో మొదలై కాషాన్, అబ్యానె, ఇస్ఫహాన్, యజ్ద్ మీదుగా షిరాజ్‌లో ముగుస్తుంది. వీసా కంటే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి.

ఇస్ఫహాన్‌లో నఖ్షె జహాన్ మైదానం ఫొటోల్లో అందరూ చూసిందే. అక్కడి షేక్ లుత్ఫుల్లా మసీదుకు మినార్లు ఉండవు. గైడ్ చెబితే గానీ చాలామంది గమనించరు. అబ్యానె ఎర్రమట్టి ఇళ్లకు ఒక పూట చాలు.

నన్నడిగితే ఎక్కువసేపు ఉండాల్సింది, గైడ్ అసలు పనికొచ్చేది యజ్ద్‌లో. ఎడారి ఊరు, పాతబస్తీ నిండా మట్టి ఇళ్లే. కప్పుల మీద లేచిన బాద్గీర్లు, అంటే గాలి బురుజులు, పైన వీచే గాలిని పట్టి గదుల్లోకి దింపుతాయి. కింద నీటి తొట్టి ఉంటే ఆ గాలి ఇంకా చల్లబడుతుంది. దౌలతాబాద్ తోటలోని బాద్గీర్ ఎత్తు సుమారు 33 మీటర్లు! ఇక నీళ్లేమో కొండల దిగువ నుంచి కనాత్‌లనే భూగర్భ కాలువల్లో, ఏ మోటారూ లేకుండా, వాలును బట్టే ఊళ్లోకి వచ్చేవి.

షిరాజ్ నుంచి పర్సెపోలిస్‌కు, అంటే ప్రాచీన పర్షియా రాజధాని శిథిలాలకు, పొద్దున్నే బయల్దేరండి, అక్కడ నీడ తక్కువ. అపదానా అనే రాజసభా మండపం మెట్ల పక్క గోడపై చెక్కిన బొమ్మల్లో, చక్రవర్తికి కానుకలు తెస్తున్న జనాల్లో సింధు ప్రాంతం వాళ్లూ ఉన్నారు. ఒకడి భుజాన అచ్చం మన కావడే, రెండు వైపులా బుట్టలతో.